ఏడో నంబరు మిషను

త్రినాథరావు అయిదో నంబరు మిషనుకు నూనె చుక్క వేసి, హ్యాండిల్ ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ తిప్పి, చెవి ఒగ్గి విన్నాడు. లోపల పళ్ళచక్రాలు సాఫీగా తిరిగాయి. బాగుందన్న సంతోషం మొహంలో కనిపించిందా అంటే, ఆ మొహంలో సంతోషం ఎవరూ ఎప్పుడూ చూసిన పాపాన పోలేదు. గుడ్డతో తుడిచి పక్క మిషను దగ్గరికి జరిగాడు.

యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ లాబ్ అది. ఎమ్మెస్సీ పిల్లలు ప్రాక్టికల్ లెక్కలన్నీ చేసేది ఈ ఇనప మిషన్ల మీదే. అంకెలు పేర్చుకుని హ్యాండిల్ తిప్పాలి. భాగహారంలో ఒక చుట్టు ఎక్కువైతే గంట మోగుతుంది, వెనక్కి తిప్పాలి. ఊళ్ళోకి బ్యాటరీ కాలిక్యులేటర్లు వచ్చాయి, ఎనభై ఒకటో సంవత్సరమూ వచ్చింది, ఈ డిపార్ట్‌మెంటుకు మాత్రం ఇవే గతి. కింద సముద్రం. ఆ ఉప్పుగాలికి వారం వదిలేస్తే చాలు, తుప్పు పడతాయి. వాటికి తుప్పు పట్టకుండా చూడటమే త్రినాథరావు బతుకు.

పొట్టి మనిషి. హ్యాండిళ్ళు తిప్పీ తిప్పీ కుడి భుజం ఎడమదాని కంటే కిందికి దిగిపోయింది. గోళ్ళ కింద నల్లటి నూనె ఎంత తోమినా పోదు. ఎలమంచిలి దగ్గర పల్లెనుంచి వచ్చాడు. ఇంటర్ లెక్కల్లో తప్పాడు, మళ్ళీ రాసి మళ్ళీ తప్పాడు, ఇక్కడ అటెండరుగా చేరాడు. అప్పటినుంచీ లెక్కలు పాసయ్యేవాళ్ళని చూస్తూనే బతికాడు, ఒక్కణ్ణీ క్షమించకుండా. ఎవరైనా హ్యాండిల్ విసురుగా తిప్పితే, "అది మీ ఇంట్లో రుబ్బురోలేటి?" అని మీద పడేవాడు. పిల్లలూ తక్కువ తినలేదు. అతను అటు తిరగ్గానే గంట మోగించి నవ్వేవారు. భార్య సన్యాసమ్మ పోయాక పాత ఊళ్ళో ఒక గదిలో ఒక్కడూ ఉంటున్నాడు. ఆరేసిన చొక్కాల మీద పోర్టునుంచి ఖనిజం దుమ్ము ఎర్రగా పడుతుంది. దులిపే ఓపిక కూడా లేదు.

ఏడో నంబరు దగ్గర ఆగి గుమ్మం వైపు చూశాడు. ఎవరూ లేరు. స్క్రూ విప్పి హ్యాండిల్ ఊడదీశాడు. మూలనున్న మంచినీళ్ళ కుండ కింద తడి ఇసుకలో దాన్ని పాతి, పైన అరచేత్తో సర్దాడు.

ఆ మిషను పాడుచేసింది అతనే. కంపెనీ సీలున్న మూత అటెండర్లు విప్పకూడదు, మద్రాసునుంచి మెకానిక్కు వచ్చి విప్పాలి. నిరుడు పరీక్షల ముందు అది కిర్రుమంటోందని, నాకు తెలీని మిషనేటి అన్న పొగరుతో విప్పాడు. స్ప్రింగొకటి ఎగిరిపోయింది. గదంతా పాకినా దొరకలేదు. గప్‌చుప్‌గా మూత బిగించేశాడు. అప్పటినుంచీ ఆ మిషను చిన్న లెక్కలు బాగానే చేస్తుంది. పెద్ద అంకెల్లో మాత్రం తొమ్మిది దాటాక పక్క గడికి ఒకటి ఎక్కించదు.

నిరుడు దాని ముందు కూర్చున్నది నారాయణమ్మ. జాలరిపేట పిల్ల, తల్లి చేపల గంప మోసి చదివిస్తోంది. పరీక్షలో సహసంబంధ గుణకం కట్టమన్నారు. అది ఒకటి దాటదు. దాటిందంటే లెక్క తప్పని ఫస్టియర్ పిల్లలకీ తెలుసు. నారాయణమ్మకు దాటింది. మళ్ళీ తిప్పింది, మళ్ళీ దాటింది. మిషను తప్పు సార్ అని ఏడ్చింది. హెడ్డు శ్రీరామ్మూర్తి గారు రెండు మూళ్ళు వేసి తిప్పారు, ఆరే వచ్చింది. "ఏమయ్యా, మిషను బాగుందా?" అని అడిగారు. "బాగుంది సార్" అన్నాడు త్రినాథరావు. బయటి ఎగ్జామినరు అందరి ముందూ పేపరెత్తి చూపించి మరీ నవ్వాడు. పిల్ల ఫెయిలైంది. అంతకుముందు త్రినాథరావుని బాబాయ్ అని పిలిచేది ఈ గదిలో ఆ పిల్లొక్కతే.

ఇవాళ మళ్ళీ రాస్తోంది. స్టీలు ప్లాంటు ఆఫీసులో ఉద్యోగం ఇస్తామన్నారు, ఈ ప్రాక్టికల్ పాసైతేనే చేర్చుకుంటారు. తప్పితే అది ఇంకొకరికి పోతుంది. ఫెయిలైనవాళ్ళు మిషను మీద నెపం పెట్టకుండా, ఏ మిషను మీద ఫెయిలయ్యారో మళ్ళీ దాని మీదే చెయ్యాలని శ్రీరామ్మూర్తి గారు రూలు పెట్టారు. పోయిన వారం త్రినాథరావు నసిగాడు. "ఏడో నంబరు ఓపాలి మెకానిక్కుకి సూపిద్దారి సార్."

"నిరుడు బాగుందన్నావుగా! ఇప్పుడు ఆ పిల్ల నీకేమిచ్చింది? ఇద్దరూ కూడబలుక్కున్నారా?" అని కసిరారాయన.

పిల్లలొచ్చారు. నారాయణమ్మ తిన్నగా ఏడో నంబరు దగ్గరికి వెళ్ళి కొయ్యబారిపోయింది.

"హ్యాండిలేది?"

"నాకేటి తెలుసు? రేత్రి ఉంది, పొద్దున్న లేదు."

"నీకు తెలీకపోతే ఎవులికి తెలుస్తది? నిరుడు అబద్దమాడి ముంచేసినావు. ఈ ఏడు హ్యాండిలే మింగేసినావు. నానేటి సేసినాను నీకు?"

"నోర్మూసుకుని కూకో."

శ్రీరామ్మూర్తి గారు వచ్చి అగ్గిమీద గుగ్గిలమయ్యారు. ఎగ్జామినరు వాచీ చూసుకున్నాడు. మిగతా మిషన్లన్నీ పిల్లల ముందున్నాయి, పక్క డిపార్ట్‌మెంటునుంచి ఒకటి తెమ్మన్నారు. త్రినాథరావే దాన్ని పొట్టకు ఆనించుకుని మోసుకొచ్చి, ఆ పిల్ల ముందు దించి, అడక్కుండానే నూనె వేశాడు. "ముట్టుకోకు దాన్ని" అందామె. వెనక్కి తగ్గాడు.

పరీక్ష సాగినంతసేపూ కిటికీ దగ్గర నిలబడి చెవులప్పగించాడు. ఎవరి మిషను ఎలా తిరుగుతోందో చూడకుండానే చెప్పగలడు. నారాయణమ్మ మిషను ఆగింది, తిరిగింది, గంట మోగింది, వెనక్కి ఒక్క చుట్టు తిరిగి ఆగిపోయింది. ఆమె కాయితం మీద జవాబు రాసుకుని, చాలాసేపు దాన్నే చూసి, పైటకొంగుతో మొహం తుడుచుకుంది. ఒకటి దాటలేదన్నమాట. త్రినాథరావు అప్పుడు గానీ ఊపిరి పీల్చుకోలేదు.

పేపరిచ్చేసి నారాయణమ్మ కుండ దగ్గరికి వెళ్ళింది. గ్లాసు ముంచుకుని గటగటా తాగి, మిగిలిన నీళ్ళు అలవాటు కొద్దీ ఇసుకలోకి ఒలకబోసింది. ఇసుక కుంగింది. హ్యాండిల్ గుబ్బ నల్లగా పైకి తేలింది.

"సార్! ఇలా రండి సార్! దొంగ ఇక్కడున్నాడు!"

అందరూ మూగారు. శ్రీరామ్మూర్తి గారు హ్యాండిల్ పైకి లాగి, "ఎందుకు దాచావురా?" అన్నారు. ఇన్నేళ్ళలో రా అనడం అదే మొదలు.

త్రినాథరావు నోరు తెరిచాడు. ఎగ్జామినరు చేతిలో నారాయణమ్మ పేపరుంది. సంతకం ఇంకా పడలేదు. మిషను పాడైందని చెబితే, ఆ పిల్ల కోసమే దాచానని చెప్పినట్టు. కూడబలుక్కున్నారన్న మాట శ్రీరామ్మూర్తి గారి నోట్లో సిద్ధంగానే ఉంది. పేపరు రద్దు చేసి పారేస్తారు.

"పాతినప సామాన్ల కొట్లో అమ్ముకుందారని సార్" అన్నాడు.

"థూ!" అంది నారాయణమ్మ.

"తాళాలు అక్కడ పెట్టి ఫో. రేపటినుంచి గేటులో కనబడ్డావంటే పోలీసులకు పట్టిస్తాను."

మొలతాడుకున్న తాళాలు విప్పి బల్ల మీద పెట్టాడు. టిఫిను గిన్నె తీసుకున్నాడు. నూనె డబ్బా చేతిలోకి తీసుకుని, అది తనది కాదని గుర్తొచ్చి మళ్ళీ పెట్టేశాడు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూశాడు. ఎగ్జామినరు పేపరు మీద సంతకం పెడుతున్నాడు. త్రినాథరావు మెట్లు దిగిపోయాడు. మధ్యాహ్నం ప్యాసింజరు ఎక్కి ఎలమంచిలి వైపు వెళ్ళాడని తర్వాత ఎవరో అన్నారు. అంతకుమించి ఎవరూ ఆరా తియ్యలేదు.

ఆ సాయంత్రమే శ్రీరామ్మూర్తి గారు దగ్గరుండి ఏడో నంబరుకు హ్యాండిల్ బిగించారు. రెండు మూళ్ళు వేసి తిప్పారు, ఆరు వచ్చింది. మిషను భేషుగ్గా ఉందన్నారు. గుబ్బ సందులో ఇరుక్కున్న ఇసుకను మాత్రం ఎవరూ తుడవలేదు. మరుసటి ఏడు పరీక్షకు కూర్చున్న పిల్లాడి చేతిలో ఆ హ్యాండిల్ చుట్టుచుట్టుకీ కరకరమంటూనే ఉంది.