వనభోజనం అనుకున్నాం

మేము పన్నెండుమంది పెయింటర్లం దిగిన రోజే ఒక మనిషిని రంగుల షెడ్డులోంచి నలుగురు మోసుకొచ్చారు. పెదాలు నీలంగా ఉన్నాయి. బొలీవియాలో ఆ ఊరు పదమూడు వేల అడుగుల ఎత్తున ఉంది. నాలుగు మెట్లెక్కితే రొప్పు వస్తుంది. అలాంటి చోట తలుపులు మూసి, రంగు ఆవిరి బయటికి లాగే ఫ్యానన్నది లేకుండా ఆటోలకు రంగు కొట్టిస్తున్నారు.

"ఎత్తుకి కళ్ళు తిరిగాయంతే," అన్నాడు మమ్మల్ని తీసుకెళ్ళిన కాంట్రాక్టరు హేమసుందర్. మన ఉయ్యూరు వాడే కదా అని నమ్మాం. ఆటోనగర్ అన్నలూ, అతను పెయింటర్ల కోసం మళ్ళీ మీ షెడ్ల చుట్టూ తిరుగుతున్నాడు గనుక ఇది రాస్తున్నాను.

మర్నాడు అక్కడి పనివాళ్ళు ఒక్కరూ లోపలికి రాలేదు. గేటు బయట వాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు, గుండ్రటి టోపీలతో, రంగురంగుల దుప్పట్లు పరిచి, తలా ఒక మూట విప్పారు. ఉడికించిన దుంపలు, మొక్కజొన్న, చిక్కుడు గింజలు ఒకే కుప్పగా పోసి అందరూ కలిసి తిన్నారు.

"ఏదో పండగంట. మీరు పని కానివ్వండి," అన్నాడు హేమసుందర్.

"కార్తీక వనభోజనమేరా. ఉసిరి చెట్టొకటే తక్కువ," అన్నాడు మాలో పెద్దవాడు రత్తయ్య. అందరం నవ్వుకున్నాం. ఐదు రోజులు రంగు కొట్టాం.

ఆరో రోజు మాలో కుర్రవాడు నాని, వచ్చీరాని వాళ్ళ భాషతో, ఆ భోజనాల దగ్గరికి వెళ్ళాడు. ముఖం మాడ్చుకుని తిరిగొచ్చాడు.

"అది సమ్మె అన్నా. సమ్మె రోజుల్లో అలా తలా ఇంత తెచ్చుకుని తింటారంట. మొదటి రోజు మోసుకొచ్చారే, ఆయన చచ్చిపోయాడు. ఫ్యాను పెట్టమని కూర్చున్నారు. ఆయన భార్య హిలారియా అడిగింది, నా మొగుడి చోట రంగు కొడుతున్నదెవరని."

మాకు తల కొట్టేసినట్టయింది. మన ఊరి వాడే మా చేతులతో వాళ్ళ కడుపు కొట్టించాడు.

రత్తయ్య స్ప్రే గన్ను కింద పెట్టాడు.

"పాస్‌పోర్టులు నా దగ్గరున్నాయి, మర్చిపోయారా?" అన్నాడు హేమసుందర్.

"ఉంచుకోండి. ఇన్నాళ్ళూ తెలియక చేశాం. ఇంక చేస్తే మా తప్పేనండి."

పన్నెండుమందిమీ బయటికొచ్చాం. దుప్పట్ల మీద ఎవరూ జరిగి మాకు చోటివ్వలేదు. గంటలో పోలీసు వ్యాను వచ్చింది. కాగితాల్లేని పరదేశులని హేమసుందరే మమ్మల్ని చూపించాడు. ఒక పోలీసు వచ్చి రత్తయ్య కాలరు పట్టుకున్నాడు.

అప్పుడు హిలారియా లేచింది. మా వైపు చూడకుండా వెళ్ళి వ్యానెక్కి కూర్చుంది. వెనకాలే ఆడవాళ్ళంతా ఎక్కారు. మమ్మల్ని ఎక్కించే చోటు లేకుండా వ్యాను నిండిపోయింది. లోపలి నుంచి ఆమె ఏదో గట్టిగా అంది.

"మనల్ని క్షమించలేదంట," అన్నాడు నాని. "కానీ పనిమానేసి వచ్చినోణ్ణి పోలీసులకి వదలరంట."

వాళ్ళని తీసుకుపోకుండా మేము వెళ్ళి వ్యాను టైర్ల ముందు కూర్చున్నాం. ఆ రోజు షెడ్డులో ఒక్క ఆటోకీ రంగు పడలేదు.