తూటున్న డోనట్, తూటులేని డోనట్

ఆదోనిలో పత్తి మండీ నడిపే వెంకటకృష్ణయ్యకు డోనట్ అంటే నిండుగా, గుండ్రంగా, పైన తెల్లటి క్రీము పూతతో, లోపల చాక్లెట్ కూరి ఉండాలి. ఎమ్మిగనూరులో బట్టల కొట్టు ఉన్న ఆయన వియ్యంకుడు మహేంద్రకు మధ్యలో తూటు ఉన్నదే డోనట్. అది నూనెలో ఎర్రగా వేగి, ఏలక్కాయ వాసన తగిలే చక్కెర పొడిలో దొర్లి రావాలి. సాయంత్రం టీతో పాటు కరకరమనాలి.

ఈ తినుబండారం రెండు ఊళ్లకూ కొత్తే. ఆదోనిలో బేకరీవాళ్లు 'గుడ్డు వేయము' అని బోర్డు తగిలించాకే వెంకటకృష్ణయ్య భార్య జయమ్మ దాన్ని ఇంట్లోకి రానిచ్చింది. కొడుకు సుధీర్ తెచ్చిన మొదటి పెట్టెను వంటింటి గడప దగ్గరే ఆపి, బోర్డు ఫోటో ఫోన్లో చూపిస్తే గానీ లోపలికి రానివ్వలేదు. ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర బేకరీ కూడా అలాంటిదే. రుచి దగ్గరే తేడా. ఆ తేడా గురించి వియ్యంకులిద్దరూ ఫోన్లో గంటల తరబడి ఎకసెక్కాలాడుకునేవాళ్లు. మహేంద్ర కూతురు, సుధీర్ భార్య అయిన త్రివేణి ఆ మాటలు విని నవ్వుకునేది. ఎవరి వైపూ మాట్లాడేది కాదు.

త్రివేణి సీమంతం ఆదోనిలో జరిగింది. మహేంద్ర, ఆయన భార్య శోభ చక్కిలాలు, లడ్లు, పూలు, పండ్లతో సారె పట్టుకొచ్చారు. ఒక పళ్లెం నిండా చక్కెర డోనట్లు కూడా ఉన్నాయి. వెంకటకృష్ణయ్య ఒకటి తీసి కంటికి ఆనించుకొని, తూటులోంచి వియ్యంకుడిని చూశాడు.

"ఏం బావా, నడిమధ్య ఉండేదంతా దారిలో తినేసినావా?"

"తూటు ఉంటేనే లోపలిదాకా వేగుతాది బావా. వడకు లేదా తూటు?" అన్నాడు మహేంద్ర.

"మీ ఊళ్లో మైదాకు కరువొచ్చిందేమో అనుకున్యా."

పక్కన భోజనానికి కూర్చున్న మార్కెట్ యార్డు వ్యాపారులు నవ్వారు. వాళ్లు నవ్వడంతో మహేంద్రకు హుషారొచ్చింది. విస్తరి పక్కన పెట్టిన ఆదోని డోనట్‌ను అరచేతిలో పెట్టుకొని బరువు చూస్తున్నట్టు ఎగరేశాడు.

"ఇది మీ పత్తి మూట మాదిరి ఉండాది బావా. పైన సూస్తే తెల్లగా, నున్నగా. లోపలేం కూరినారో కోస్తే గానీ తెలీదు."

ఈసారి నవ్వు పెద్దగా వచ్చింది. కృష్ణప్ప అనే వ్యాపారికైతే పొలమారింది. వెంకటకృష్ణయ్య కూడా నవ్వాడు, కాకపోతే కాస్త ఆలస్యంగా. ఆయన పెరుగన్నం సగంలో వదిలి చేయి కడుక్కోవడం జయమ్మ ఒక్కతే చూసింది.

ఆ సాయంత్రం త్రివేణిని పురిటికి ఎమ్మిగనూరు తీసుకుపోయారు. మరుసటిరోజు యార్డులో కృష్ణప్ప ఎదురై, "ఏమన్నా, మూటల్లో సాక్లెట్ ఏమన్నా కూరినావా?" అన్నాడు. వెంకటకృష్ణయ్య నడక ఆపలేదు. మూడో మనిషి అదే మాట అనేసరికి, పని ఉందని చెప్పి ఇంటికి వచ్చేశాడు.

ఆయన తండ్రి రోజుల్లో ఎవరో మూటల మధ్యలో తడిసిన పత్తి పెట్టి ఆ మండీ ద్వారా అమ్మించారు. తప్పు ఎవరిదైనా పేరు పోయింది తండ్రిదే. ఆ పేరు మళ్లీ తెచ్చుకోవడానికి వెంకటకృష్ణయ్య పడిన కష్టం జయమ్మకు తెలుసు. ఇప్పటికీ ఆయన మూట కోసి, లోపలి నుంచి పత్తి లాగి, కొనేవాడి చేతిలో పెట్టకుండా ధర మాట్లాడడు. ఇదంతా మహేంద్రకు తెలియదు. ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత మహేంద్ర ఎన్నిసార్లు ఫోన్ చేసినా వెంకటకృష్ణయ్య తీయలేదు. చివరికి మహేంద్ర తన అల్లుడికి చేశాడు.

"మీ నాయిన ఫోన్ ఏమన్నా పాడైందా సుధీర్?"

"లేదు మామా, బాగానే ఉండాది. పొద్దున కూడా ఎవరితోనో మాట్లాడతాన్యాడు" అన్నాడు సుధీర్. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

పత్తి మూట మాట మామకు గుచ్చుకుందని జయమ్మ నోట త్రివేణికి తెలిసింది. త్రివేణి తండ్రిని కూర్చోబెట్టి చెప్పింది.

"నవ్వులాటకు అన్న్యాను గదమ్మా" అన్నాడు మహేంద్ర.

"నవ్వినోళ్లు నవ్వేసి పోయినారు నాయినా. మాట పడినాయన ఇంకా మోస్తాండాడు."

"ఇప్పుడేం జేయల్ల? డోనట్ గురించి పోయి తప్పయిందని సెప్పల్నా? ఊరంతా నవ్వుతాది."

"డోనట్ గురించి కాదని నీకూ తెలుసు."

మహేంద్ర లేచి కొట్టుకు పోయాడు. కానీ ఆ రోజు నుంచి సాయంత్రం బేకరీ వైపు పోవడం మానేశాడు. శోభ టీతో పాటు బిస్కెట్లు పెడితే, అవి తడిసి కప్పులోకి జారిపోయేదాకా చేత్తో పట్టుకొని కూర్చునేవాడు.

కోడలిని చూసి రావాలని జయమ్మ పట్టుబట్టింది. "నువ్వు సుధీర్‌తో పో" అన్నాడు వెంకటకృష్ణయ్య. "వాడికి పనుండాది" అంది జయమ్మ. సుధీర్‌కు పనేమీ లేదు. తల్లి చూపు చూసి పని ఉందన్నాడు. "సరే, కారు తోలేదానికి వస్తా. లోపలికి రాను" అన్నాడు వెంకటకృష్ణయ్య. అయితే బయలుదేరే ముందు బేకరీ దగ్గర కారు ఆపి ఒక పెట్టె కట్టించుకున్నాడు. ఏంటికని జయమ్మ అడగలేదు.

ఎమ్మిగనూరులో శోభ గుమ్మం దగ్గరకు వచ్చి, "అన్నా, బయట నిలబడితే ఎట్ల? బిడ్డ ఎదురు సూస్తాంది" అనేసరికి ఆయనకు లోపలికి పోక తప్పలేదు. త్రివేణిని పలకరించాడు. ఆమె కాళ్ల వాపు చూసి, నీళ్లు బాగా తాగమన్నాడు. మహేంద్ర స్తంభానికి ఆనుకొని నిలబడి ఉన్నాడు. ఇద్దరూ "రా బావా", "ఆఁ బావా" అనుకున్నారు. అంతే.

వెంకటకృష్ణయ్య పెట్టెను బల్ల మీద పెట్టాడు.

"శోభమ్మా, ఒక పళ్లెం, కత్తి తీసకరా తల్లీ."

శోభ తెచ్చింది. ఆయన చొక్కా చేతులు పైకి మడిచి, మొదటి డోనట్‌ను పళ్లెంలో పెట్టి, మూట కోసినంత జాగ్రత్తగా నిలువునా కోశాడు. లోపల చాక్లెట్ నల్లగా మెరిసింది. రెండు ముక్కలనూ విడదీసి మహేంద్ర వైపు తిప్పాడు.

"సూడు బావా. లోపల ఏముందో సూసుకో."

"ఎందుకు బావా ఇదంతా" అన్నాడు మహేంద్ర మెల్లగా.

"లేదు, సూడల్ల. నలుగురిలో అన్న్యావు గదా, కోస్తే గానీ తెలీదని. అన్నీ కోస్తా." ఇంకొకటి కోశాడు. అందులోనూ నిండుగానే ఉంది. తర్వాతి దాన్ని కోసి, తనే ముందు చూసుకోకుండా, రెండు ముక్కలనూ తిప్పి చూపించాడు.

అందులో ఏమీ లేదు. బేకరీవాళ్లు చాక్లెట్ పెట్టడం మరిచిపోయారు. తెల్లటి ఉత్త పిండి.

అందరి చూపూ అటే ఉండేసరికి వెంకటకృష్ణయ్య తల వంచి చూశాడు. చేయి అలాగే ఆగిపోయింది. ఆయన ముఖంలో ఎర్రదనం చెవుల దాకా పాకింది. త్రివేణి తండ్రి వైపు చూసింది. ఏదో అనడానికి ఆయన నోరు తెరిచాడు. ఎకసెక్కానికి ఇంతకంటే మంచి అవకాశం మహేంద్రకు జీవితంలో రాదు.

మహేంద్ర గబగబా వచ్చి ఆ రెండు ముక్కలనూ ఒకదానికొకటి అంటించి, మొత్తం నోట్లో కుక్కుకున్నాడు.

"దండిగా ఉండాది బావా" అన్నాడు బుగ్గలు పొంగించుకొని. "సాక్లెట్... నిండుగా..."

మిగతా మాట పిండిలో ఇరుక్కుపోయింది. మింగుడు పడక కళ్లలో నీళ్లు తిరిగాయి. జయమ్మ చెంబుతో నీళ్లిచ్చి, ఆయన తాగేదాకా ఆగి, నిదానంగా అంది.

"అన్నా, మూతికి సాక్లెట్ అంటింది, తుడుసుకో."

మహేంద్ర నిజంగానే కండువాతో మూతి తుడుచుకున్నాడు. కండువా తెల్లగానే ఉంది. వెంకటకృష్ణయ్య దాన్ని చూశాడు, వియ్యంకుడి ముఖం చూశాడు. పొట్ట కదిలేలా నవ్వడం మొదలుపెట్టాడు.

"నీకు అబద్ధం సెప్పేది కూడా రాదు బావా. బట్టలెట్ల అమ్ముతాండావప్పా?"

"అందుకే కొట్టు అట్ల ఉండాది" అన్నాడు మహేంద్ర. తర్వాత ఆయన ఎదుట కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. "ఆ పొద్దు ఆ మాట అనకుండా ఉండల్సింది బావా. నవ్వులాటకే అన్న్యా, అయినా నలుగురిలో అనకూడదు."

వెంకటకృష్ణయ్య కత్తిని పక్కన పెట్టాడు. తండ్రి సంగతి చెప్పాడు, తడిసిన మూటల సంగతి చెప్పాడు. ఎక్కువసేపు చెప్పలేదు. మహేంద్ర తల ఊపుతూ విన్నాడు. విన్నాక కోసి ఉన్న ముక్క ఒకటి తీసుకొని తిన్నాడు. ఈసారి చాక్లెట్ నిజంగానే అంటింది.

"తీపి ఎక్కువ" అన్నాడు.

"మీ దాంట్లో ఏముందప్పా, గాలే గదా" అన్నాడు వెంకటకృష్ణయ్య.

శోభకు ప్రాణం లేచి వచ్చింది. కూతురి వైపు తిరిగి, "వీళ్లది ఎప్పుడూ ఉండేదే. నీకేది ఇష్టమో ఎవరూ అడగలేదు. సెప్పు, తెప్పిస్తాం" అంది.

మగవాళ్లిద్దరూ మాట ఆపి చూశారు. త్రివేణి కాస్త సిగ్గుపడింది.

"నిన్నటిది."

"నిన్నటిదేంది?" అన్నాడు మామ.

"ఏ ఊరిదైనా సరే మామా. నిన్న తెచ్చింది. గట్టిపడినాక వేడి పాలల్లో నానబెట్టి, మెత్తగా అయినాక స్పూన్‌తో తినల్ల."

"ఇదేం రుచి తల్లీ" అని వెంకటకృష్ణయ్య బాధపడి, వియ్యంకుడి వైపు తిరిగాడు. "ఇదంతా మీ ఇంట్లో నేర్సిందే బావా."

"మా ఇంట్లో ఉన్నన్ని దినాలు బాగానే తింటాన్యాది. మీ ఆదోనికి వచ్చినాకే ఇట్లయింది."

వాళ్లు అలా వాదించుకుంటూ ఉండగానే శోభ డబ్బాలోంచి నిన్నటి చక్కెర డోనట్ తీసి, గిన్నెలో పాలు పోసి తెచ్చింది. త్రివేణి దాన్ని పాలలో ముంచి, మెత్తబడేదాకా చెంచాతో నొక్కుతూ కూర్చుంది. జయమ్మ ఒకసారి మగవాళ్ల వైపు చూసి, వాళ్లు గమనించడం లేదని రూఢి చేసుకొని, కోడలి చేతిలోని చెంచా అందుకుంది.

"బానే ఉండాదే" అంది చిన్నగా, రెండోసారి గిన్నెలో ముంచుతూ.