ముట్టుకోవద్దన్న పెట్టె

బరంపురంలో గిరి రోడ్డు వెనక సందులో హేమచంద్రది పెళ్ళికార్డుల ప్రెస్సు. కార్డుకి ఒక పక్క ఒడియా, ఒక పక్క తెలుగు. రెండు భాషలూ తప్పు లేకుండా కొట్టగలిగిన మనిషి అక్కడ ప్రమోద ఒక్కతే. పందొమ్మిదేళ్ళు కొట్టింది. అయినా కంప్యూటరు మొండికేసిందంటే మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవలసిందే. మెకానిక్కు రావాలి, మూత తియ్యాలి, ఏదో పీకి ఏదో పెట్టాలి. అంతవరకూ ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు.

మాఘమాసం ముహూర్తాల్లో ఒక మధ్యాహ్నం కంప్యూటరు ఆగిపోయింది. దిగపహండి నుంచి వచ్చిన పెళ్ళికూతురి తండ్రి నాలుగింటి బస్సు అందుకోవాలని గడియారం చూస్తున్నాడు. మెకానిక్కు ఫోను ఎత్తడం లేదు. అతను చేసే పని ప్రమోద అతని భుజం మీంచి కొన్ని వందల సార్లు చూసింది. స్విచ్చి కట్టేసింది, మూత విప్పింది, ర్యామ్ ముక్క పీకి అంచు తుడిచి మళ్ళీ టక్కుమనేదాకా నొక్కింది. మిషను లేచి కూర్చుంది.

హేమచంద్ర భోజనం చేసి వచ్చేసరికి కార్డులు అచ్చవుతున్నాయి. సంగతి తెలిసి మండిపడ్డాడు.

"నిన్నెవలు ముట్టమన్నారు? కాలిపోతే ఎవలిది పూచీ? టైపు కొట్టీ మనిషివి, టైపు కొట్టు. ఆడదానికి ఆ పెట్టెలో ఏటి పని?"

పెళ్ళికూతురి తండ్రి ఇబ్బందిగా తల దించుకున్నాడు. ప్రమోద కార్డులన్నీ కట్ట కట్టి ఆయన చేతికిచ్చి, బస్సుకి పంపించి, సంచీ భుజాన వేసుకుంది.

"రేపట్నుంచి నాను రానండి," అంది.

ఇంటికొచ్చి మొగుడితో చెప్పింది. "సొంతంగా కంప్యూటరు పెట్టుకుంటానండి. ముక్కలు కొనుక్కొచ్చి నానే బిగించుకుంటాను."

సన్యాసిరావు రైల్వే ఆఫీసులో గుమాస్తా. గొడవలంటే గిట్టని మనిషి. "పెట్టుకో, ఎవలొద్దన్నారు? కాపోతే కొట్టోడే బిగించి ఇస్తాడు గదా. నీకెందుకొచ్చిన సంత?"

అంతలో వంటింట్లోంచి ఒక కేక వచ్చింది. సన్యాసిరావు తల్లి అసిరమ్మది ఆ గొంతు. "ఏటిరా సన్నేసీ! మీ అయ్య నన్నీ ఊరు తెచ్చినప్పుడు పొయ్యి ఏసిందెవలు? మట్టి తొక్కి నానే ఏసుకున్నాను. రెండుసార్లు కూలిపోనాది, మూడోసారి నిలబడింది. దాన్నీ ఏసుకోనీ."

ప్రమోద ముందుగా పాతసామాన్ల కొట్టు నుంచి చచ్చిపోయిన కంప్యూటరొకటి తెచ్చింది. ఫోనులో వీడియోలు చూస్తూ, వరండాలో దుప్పటి పరిచి, దాన్ని ఆఖరి స్క్రూ దాకా విప్పింది. మళ్ళీ బిగించింది. మొదటిసారి నాలుగు స్క్రూలు మిగిలిపోయాయి. రెండోసారి ఫ్యాను తలకిందులైంది. ఆరోసారికి ఏ తీగ ఎక్కడికి వెళ్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలిగింది. ఎదురింటివాళ్ళు వింతగా చూశారు. చూడనీ అనుకుంది.

అప్పుడెళ్ళింది మురళీమోహన్ కంప్యూటర్ల కొట్టుకి. చీటీ మీద రాసుకున్నవన్నీ చదివింది. మదర్‌బోర్డు, ప్రాసెసరు, ర్యామ్, డిస్కు, కరెంటు డబ్బా, కేబినెట్టు. అతను అన్నీ వింటూ ఆమె వెనక ఎవరైనా మగమనిషి ఉన్నాడేమోనని గుమ్మం వైపు చూశాడు.

"సాయంత్రానికి బిగించి పంపుతానమ్మా."

"వద్దండి. నాను బిగించుకుంటాను."

అతను నవ్వాడు. "ఇది కుట్టుమిషను కాదమ్మా. మీ సెయ్యి పడి బోర్డు పోతే గేరంటీ మాట ఎత్తకండి. తరవాత ఏడుస్తూ రావద్దు మరి."

"ఏడవను లెండి," అంది ప్రమోద.

ఆదివారం ఉదయం భోజనాల బల్ల ఖాళీ చేసింది. గాజులు తీసి పక్కన పెట్టింది. అసిరమ్మ టార్చిలైటు పట్టుకుని నిలబడింది. ప్రాసెసరు మూల మీద బంగారు రంగు త్రికోణం, బోర్డు మీద త్రికోణం ఒకటిగా చూసుకుని, ఊపిరి బిగబట్టి దించింది. దాని మీద పప్పుబద్దంత పేస్టు, పైన ఫ్యాను. తర్వాత ర్యామ్, డిస్కు. బోర్డుని కేబినెట్లో కూర్చోబెట్టి ఆరు స్క్రూలూ బిగించింది. అగ్గిపుల్లల్లాంటి సన్నతీగలు తగిలించడానికే గంట పట్టింది.

స్విచ్చి నొక్కింది. ఫ్యాను ఒక్కసారి ఉలిక్కిపడి ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అంతే.

బోర్డు తనే కాల్చేసిందేమోనని ప్రమోదకి భయం పట్టుకుంది. తీగలన్నీ పీకి తిరిగి పెట్టింది. మధ్యాహ్నం దాటినా దాని తీరు మారలేదు. ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు సన్యాసిరావు గుట్టుగా కొట్టుకి ఫోను చేశాడు. ఆమె బయటికొచ్చేసరికి మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"బోర్డు కాలిపోయిందంటన్నాడు ప్రమోదా. ఇంకోటి కొనీసి ఆలకే బిగించమని ఇచ్చీద్దాం."

"సూసాడేటండీ ఆయన?"

"సూడక్కర్లేదంట. ఆడోలు బిగిస్తే అంతేనంట."

ఆ మాటతో ఆమె భయం కాస్తా ఎటుపోయిందో పోయింది. సోమవారం బోర్డుని ప్రాసెసరుతో సహా కేబినెట్లోంచి ఊడదీసింది. కరెంటు డబ్బాతో కలిపి అట్టపెట్టెలో సర్దుకుని ఆటో ఎక్కింది. కొట్లో నలుగురు కొనుగోలుదార్లున్నారు.

"సెప్పేను గదమ్మా," అన్నాడు మురళీమోహన్. "విప్పిన బోర్డు నాను ముట్టను."

"ముట్టకండి. సూడండి, సాలు."

అతను వద్దంటున్నా వినకుండా గల్లాబల్ల మీద అట్ట పరిచింది, బోర్డు దాని మీద పెట్టింది. కరెంటు డబ్బా కలిపి, అక్కడే ఉన్న మానిటరు తీగ లాగి తగిలించింది. ఇది పనిచేస్తుందో లేదో ఆమెకీ తెలియదు. పనిచెయ్యకపోతే ఈ నలుగురి ముందూ తల వంచుకుని పోవాలి. పోతాను, ఏమైంది? అయినా కళ్ళతో చూడకుండా ఒప్పుకునేది లేదు. స్విచ్చి నొక్కడానికి బదులు, బోర్డు అంచున స్విచ్చి తీగ తగిలించే రెండు మొలల్ని స్క్రూడ్రైవరు మొనతో కలిపింది.

ఫ్యాను తిరిగింది. ఆగలేదు. ఒక్క నిమిషానికి తెర మీద తెల్లని అక్షరాలు వరసగా పడ్డాయి.

"భల కల అపా!" బాగా చేశావక్కా అని ఒడియాలో మెచ్చుకున్నాడు ఒక ముసలాయన, సొంత అక్క నెగ్గినంత సంబరంగా.

మురళీమోహన్ గొంతు సవరించుకున్నాడు. "అయితే దోషం కేబినెట్లో ఉంటాది. అదీ తెచ్చి ఒగ్గీసి ఎల్లండి, మా వోలు సూసి బిగిస్తారు."

"కేబినెట్లో ఉందని సెప్పేరు గదా, సాలండి. అదేటో నానే సూసుకుంటాను."

ఇంటికొచ్చి ఖాళీ కేబినెట్టు కిటికీ పక్కన పెట్టి వేలితో తడిమింది. బోర్డు కింద ఆనడానికి ఇత్తడి గుబ్బలుంటాయి. బోర్డుకి కన్నాలు ఆరు. గుబ్బలు ఏడు. పెద్ద బోర్డుల కోసం తయారుచేసినవాళ్ళు ముందే బిగించిన ఆ ఏడో గుబ్బ బోర్డు వీపుకి తగిలి కరెంటుని అడ్డదారి పట్టిస్తోంది. తన తప్పు కూడా ఉంది: బోర్డు దించే ముందు లెక్కపెట్టుకోవలసింది. పట్టకారుతో పట్టుకుని తిప్పి దాన్ని పీకేసింది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి మిషను ఆగకుండా నడిచింది. అసిరమ్మ తెర ముందు పీట వేసుకుని కూర్చుని లేవనంది. సన్యాసిరావు ఎవరూ అడగకుండానే టీ పెట్టి తెచ్చాడు. ఫోను చేసినందుకు ప్రమోద రెండు రోజులు ముభావంగానే ఉంది. మూడోరోజు తలుపు పక్కన 'ఒడియా, తెలుగు టైపు చేయబడును' అన్న అట్ట వేలాడదీయమని అతనికే సుత్తి ఇచ్చింది.

పెళ్ళికార్డులు, దరఖాస్తులు, గుడి కరపత్రాలు మెల్లగా రాసాగాయి. వానలు మొదలయ్యాక ఒకనాడు మురళీమోహన్ ఫోను చేశాడు.

"అమ్మా, ఇక్కడ పురుషోత్తంపూర్ నుంచి కమలాకుమారిగారని టీచరమ్మ ఒచ్చేరు. ముక్కలన్నీ కొన్నారు. నాను బిగిస్తానంటే ఒప్పుకోరు, మీరే కావాలంట. ఆవేళ మీరు బల్ల మీద సేసింది ఎవలో సెప్పేరంట. నాకీ తలనొప్పి మీ వల్లే."

"పంపండి," అంది ప్రమోద.

టీచరమ్మ తడిసిన గొడుగు గుమ్మంలో పెట్టి, అట్టపెట్టెలు బల్ల మీద సర్ది, ఇక మీరు మొదలుపెట్టండి అన్నట్టు చూసింది. ప్రమోద స్క్రూడ్రైవరు ఆమె చేతిలో పెట్టింది.

"గుబ్బలు లెక్కెట్టండి ముందు," అంది. తన రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని, గోడకి ఆనుకుని నిలబడింది.