మూపురాలు లేని ఎద్దులు

బుధవారం మధ్యాహ్నం కూరగాయలకని షాహీదక్కతో కలిసి షార్జాలోని రోలా బజారుకు వచ్చిన షగుఫ్తా, పటాలు కట్టే దుకాణం అద్దం ముందు కాళ్లు కదలక నిలబడిపోయింది. లోపల మక్కా పటానికీ జలపాతం పటానికీ నడుమ ఎద్దులున్నాయి. తెల్లవీ గోధుమవన్నెవీ, జోడు వెనక జోడుగా మడక లాగుతూ పొలం దున్నుతున్నాయి. నడిమి తెల్లెద్దు నడుస్తూనే మొహం ఇటు తిప్పి, ఎవరో పిలిచినట్టు చూస్తోంది. ఆ చూపు ఆమెకు తెలుసు. నెల రోజులుగా ఆమె భర్త కలీం ఇంటికి రాగానే తను వేస్తున్న ఆ కన్ను గురించే చెబుతున్నాడు. ఈ రోజు కుదర్లేదనీ, ఈ రోజు కొంచెం కుదిరిందనీ.

కన్ను సంగతి సరే. ఆమె మెడల వైపు చూసింది. ఏ ఎద్దు మెడ మీదా ఏమీ లేదు. కాడిమాను కొమ్ముల వెనక, తలకే కట్టి ఉంది. తోలు పట్టెలు కొమ్ములకు చుట్టి బిగించారు. మూపురాలు కూడా లేవు. ఆ ఎద్దుల వీపులు బల్ల పరిచినట్టు చదునుగా ఉన్నాయి.

"ఏంది మే, అట్టా నిలబడిపోయావ్?" అంది షాహీదక్క. ఆమెది నెల్లూరు. ఒకే ఫ్లాటులో పక్క గది. "ఎండ దెబ్బ గాని తగిలిందా?"

"అక్కా, ఆ ఎద్దులకు మూపురం లేదు."

"లేకపోతే మనకేంది? పాలు పితకాలా, బండి కట్టాలా?"

షగుఫ్తా అద్దానికి మొహం ఆనించి మళ్లీ చూసింది.

కలీం ప్రొద్దుటూరులో సినిమా బోర్డులు రాసినవాడు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో బోర్డుల కంపెనీకి పెయింటరుగా వచ్చాడు. పోయిన ఏడు ఆ కంపెనీలోకి ఫ్లెక్సు మిషను దిగింది. అప్పట్నుంచీ చేత్తో రాసేవాళ్లు ఒక్కొక్కరే ఇంటిదారి పట్టారు. చివరికి కలీం మిగిలాడు. మేనేజరు హిదాయతుల్లా హైదరాబాదీ. అందరూ అరబ్బీలో ముదీర్ అంటారు. ఒక లెబనానీ మేడమ్ దుబాయ్‌లో చీజ్ దుకాణం తెరుస్తూ, గోడకు ఈ ఎద్దుల బొమ్మ పెద్దది కావాలనీ, మిషను మీద కాదు, చేత్తో వేసిందే కావాలనీ అడిగింది. నూట యాభై ఏళ్ల కింద ఫ్రాన్సులో ఒకామె వేసిన బొమ్మట. ముదీర్ కలీంను పిలిచి ఖరాఖండిగా చెప్పాడు. ఇది పాసయితే పెయింటరుగానే వీసా రెన్యూ చేయిస్తాడు. కాకపోతే బోర్డులు బిగించే గ్యాంగులో హెల్పరు, ఉండడం అల్ కుసైస్ కూలీల క్యాంపులో. హెల్పరు జీతానికి ఫ్యామిలీ వీసా రాదు. అంటే షగుఫ్తా ఊరికి వెళ్లిపోవాలి.

పెళ్లయ్యాక రెండేళ్లు ఫోనులోనే కాపురం చేసిన మనిషి ఆమె. ఇక్కడికొచ్చి ఏడాది కూడా కాలేదు. అన్నం తినేటప్పుడు అతను ముందుగా పప్పు కలుపుకుంటాడని ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

ఇంతకీ ఆమె భయానికి కారణం వేరే ఉంది. మేడమ్ ఇచ్చిన బొమ్మల పుస్తకం రంగు అంటుకుంటుందని ముదీర్ తన సొరుగులో పెట్టుకుని, ఏది ఏ రంగో పక్కన రాసి కలీంకు జిరాక్సు కాయితం ఇచ్చాడు. దాని మీద గళ్లు గీసుకుని అతను పని మొదలుపెట్టాడు. ఒక సాయంత్రం ఆ కాయితం ఇంటికి తెచ్చి చాప మీద పరిచాడు.

"ఈ తలకాయల కాడ, మెడల కాడ అంతా నల్లగా ముద్దయిపోయింది. ఎద్దుకు ఈడ ఏముంటాదే?"

"కాడిమాను. మెడ మీద ఉంటాది, మూపురానికి ముందర."

"ఈ నలుపు కొమ్ముల పక్కన కదా ఉండేది?"

"కొమ్ములకు కడితే ఎద్దు లాగుతుందా? ప్రొద్దుటూరోళ్లకు సినిమాలు తప్ప ఏం తెలుసు."

అతను నవ్వాడు. "సరే షావలి కూతురా. ఇంక నువ్వే నా ముదీరువి."

జమ్మలమడుగు దగ్గర పల్లెలో ఆమె నాయన షావలికి ఎప్పుడూ ఒక జత ఎద్దులుండేవి. బడి నుంచి రాగానే వాటికి మేత వేసింది ఆమే. అందుకే అడగనివి కూడా చెప్పింది. మూపురం ఎంత ఎత్తుంటుందో, మెడ కింద గంగడోలు ఎలా వేలాడుతుందో చేత్తో గాలిలో గీసి చూపించింది. ఆ వారమంతా అతను, "మూపురాలు బలే కుదిరినాయే," అంటూ ఇంటికొచ్చాడు. రేపు మధ్యాహ్నం మేడమ్ బొమ్మ చూడ్డానికి వస్తుంది.

కూరగాయలకు తెచ్చిన దిర్హాములు ఇచ్చి, ఫ్రేము లేకుండా ఆ పటం కొనుక్కుంది షగుఫ్తా. దారిలో షాహీదక్కకు సంగతంతా చెప్పింది.

"చెప్పబాక," అంది షాహీదక్క. "ఆ మేడమ్ ఎద్దుల్ని చూస్తదా, చీజ్ అమ్ముకుంటదా? రేపు గడిచిపోతే ఎల్లుండి నువ్వే నవ్వుకుంటావ్."

"ఆమె చిన్నప్పుడు ఫ్రాన్సులోనే చదువుకునిందంటక్కా. బడిలో ఈ బొమ్మ ఉండేదంట."

షాహీదక్క నడక తగ్గించింది. "అట్టయితే చెప్పు. కాని కాస్త అన్నం తిన్నాక చెప్పు."

కలీం ఆ సాయంత్రం హుషారుగా వచ్చాడు. స్నానం చేసి, పళ్లెం ముందు కూర్చుని, "ఆ మేడమ్‌ను ఒక్క తప్పు చూపించమను, సూద్దాం," అన్నాడు. షగుఫ్తా పప్పు వడ్డించింది. నీళ్లు పెట్టింది. పెట్టిన గ్లాసునే ఇటు జరిపింది, అటు జరిపింది. ఇంక చేసే పనేమీ కనబడక, చుట్టచుట్టిన పటాన్ని పళ్లెం పక్కన విప్పి నాలుగు మూలలా చేత్తో ఒత్తింది.

అతను ముద్ద నోట్లో పెట్టుకుని చూశాడు. నమలడం ఆగిపోయింది.

"యాడిది ఇది?"

"రోలాలో దొరికింది."

పటం మీదికి వంగి ఒక్కొక్క ఎద్దునూ చూశాడు. "మెడ మీదంటివే నువ్వు."

"అవును, అంటిని. మా ఊర్లో అట్లే కడతారు. అన్ని ఊర్లల్లో అట్లే అనుకున్నా."

తిడతాడనుకుంది. అతను తిట్టలేదు. పళ్లెంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది. పటం చుట్టి గోడకు ఆనించి, "పొద్దున నమాజు కాంగానే పోదాం. నువ్వూ రా. పటం పట్టుకోనీకి ఒక మనిషి కావాల," అన్నాడు.

కంపెనీ షెడ్డులోకి ఆమె రావడం అదే మొదలు. కలీం గుడ్డ తొలగించగానే ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. బొమ్మ మనిషెత్తు ఉంది. పొడవు దానికి రెండింతలు. పైన చల్లని దేశపు లేత ఆకాశం, కింద అప్పుడే తిరగబడిన మెత్తటి మన్ను. నడుమ నడుస్తున్నవి మాత్రం తన నాయన ఎద్దులు. అవే మూపురాలు, అదే గంగడోలు. తను చాప మీద కూర్చుని చెప్పిన ఒక్క ముక్కా అతను వదిలిపెట్టలేదు. ఇంత శ్రద్ధగా తన మాట ఇంకెవరూ వినలేదని తోచి, ఆమె కళ్లు తుడుచుకుంది.

"ఏడవొద్దు. పటం ఎత్తి పట్టు," అన్నాడు కలీం.

కాడిమానుల మీది రంగు పూర్తిగా ఎండలేదు. టర్పెంటైనులో ముంచిన గుడ్డతో తుడిచి, కత్తితో గీకాడు. మూపురాలు తీయడం అంతకన్నా కష్టమైంది. ఒకచోట మూపురం వెనక ఆకాశముంది, ఇంకోచోట పక్క ఎద్దు వీపుంది. తీసిన ప్రతిచోటా ఆ రంగు మళ్లీ కలపాలి. నెల కింద కలిపిన రంగు ఈ రోజు కలిపితే రాదు. ఒకసారి నీలం ఎక్కువైంది, ఒకసారి మురికిగా వచ్చింది. ఫ్లెక్సు మిషను మీద కుర్రాళ్లు పనిలోకి వచ్చారు. మిషను కర్రుకర్రుమంటూ మొదలైంది. షగుఫ్తా చేతులు లాగేస్తున్నా పటం దించలేదు.

"కొమ్ము వెనక పట్టె ఎన్ని చుట్లు?"

"సూసి చెప్తా, ఆగండి. రెండు. కాదు, మూడు."

"గట్టిగా చెప్పు."

"మూడే."

ముందు జోళ్లన్నీ అయ్యాయి. వెనక వరసకు బ్రష్షు మార్చుకుంటుండగా బయట కారు ఆగింది. మేడమ్ అనుకున్నదానికన్నా ముందే వచ్చింది. కలీం గీకిన రంగును కాలితో బల్ల కిందికి నెట్టాడు. షగుఫ్తా పటం చుట్టేసి బోర్డుల పక్కకు తప్పుకుంది.

మేడమ్ సన్నగా, తెల్లజుట్టుతో ఉంది. పక్కనే ముదీర్. ఆమె దూరం నుంచి చూసింది. దగ్గరికొచ్చింది. నడిమి తెల్లెద్దు ముందు నిలబడి, ఇంగ్లీషులో ఏదో మెత్తగా అంది.

"కన్ను బాగుందంటోంది," అన్నాడు ముదీర్ నవ్వుతూ.

మేడమ్ చెయ్యి లేచింది. ఎద్దు మెడను నిమరబోతున్నట్టు వేళ్లు ముందుకు సాగాయి. అక్కడ రంగు వేసి గంట కాలేదు. షగుఫ్తా కలీం మొహం చూసింది. అతను ఒక అడుగు ముందుకేసి ఆగాడు. ఆరలేదంటే, వారం కిందటే పూర్తయిందన్న బొమ్మ ఎందుకు ఆరలేదని అడుగుతారు. అనకపోతే మెడంతా చెదిరిపోతుంది.

"మేడమ్, మత్ ఛూనా. గీలా హై," అంది షగుఫ్తా, ముట్టుకోవద్దు, తడిగా ఉందని.

అందరూ అటు తిరిగారు. ముదీర్ నవ్వు పోయింది. "ఇదేంటి బహన్? గీలా ఎందుకుంది?"

షగుఫ్తా బోర్డుల పక్కనుంచి ముందుకొచ్చింది. వచ్చిన హిందీలోనే చెప్పింది. మా ఊళ్లో కాడి మెడ మీద కడతారు. జిరాక్సులో కనబడలేదని ఇతను అడిగితే నేనే అట్లా చెప్పాను. నిన్న బజారులో సరైన బొమ్మ చూశాను. పొద్దుట్నుంచి దిద్దుతున్నాడు. వెనకవి ఇంకా కాలేదు.

ముదీర్ అదంతా ఇంగ్లీషులో చెప్పాడో, కొంత మింగేశాడో ఆమెకు తెలియదు. మేడమ్ కళ్లద్దాలు పెట్టుకుని వెనక వరసను చూసింది. మూపురాలను వేలితో చూపించింది, ముట్టుకోకుండా. ఆమె నవ్వలేదు. ముదీర్‌తో మాట్లాడి, చేతి గడియారం చూసుకుని వెళ్లిపోయింది.

కారు పోయాక ముదీర్ కలీం మీద విరుచుకుపడ్డాడు. "ఇంట్లో అడిగి బొమ్మలేస్తావా? నా పరువేం కావాలి?"

"పుస్తకం మీరు ఇయ్యలేదు సాబ్," అన్నాడు కలీం తల వంచుకునే. "నలుపు తప్ప ఆ కాయితంలో ఏం కనపడింది?"

ముదీర్ మిషను వైపు చూశాడు. "రేపు సాయంత్రం అసర్ నమాజు తర్వాత దుకాణం తెరుస్తోంది. బొమ్మ గోడకెక్కించి అక్కడే దిద్దమంది. తెరిచేలోగా ఎద్దులన్నీ ఒకే ఊరివి కావాలంది. కాకపోతే బొమ్మ వెనక్కి, నువ్వు క్యాంపుకి. ఖలాస్."

శుక్రవారం పొద్దున బొమ్మను పికప్పులో నిలువుగా కట్టి దుబాయ్ తీసుకెళ్లారు. ఎదురుగాలికి గుడ్డ ఎగిరి తడి రంగుకు తగులుతుందని, దారి పొడుగునా కలీం వెనకే నిలబడి గుడ్డను ఎడంగా పట్టుకున్నాడు. డ్రైవరు పక్కన కూర్చున్న షగుఫ్తాకు వెనక్కి తిరిగి తిరిగి చూసి మెడ పట్టేసింది. దుకాణంలో కొత్త చెక్క వాసన, పులిసిన పాల వాసన. పనివాళ్లు గాజు అరల్లో చీజ్ గడ్డలు సర్దుతున్నారు. కలీం నిచ్చెన ఎక్కి వెనక జోళ్ల మూపురాలు తుడవడం మొదలుపెట్టాడు. జుమ్మా నమాజుకు దిగి వెళ్లి, వచ్చి మళ్లీ ఎక్కాడు. ఇద్దరూ ఏమీ తినలేదు.

మేడమ్ రెండుసార్లు వచ్చి చూసి పోయింది. మూడోసారి వచ్చినప్పుడు ముదీర్ కూడా ఉన్నాడు. ఆమె బొమ్మ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. పనివాళ్లను పిలిచి, బొమ్మకు ఎవరూ తగలకుండా ముందు పూలకుండీలు వరసగా పెట్టించింది. అది చూశాకే షగుఫ్తాకు ధైర్యం వచ్చింది. వద్దనుకునే బొమ్మకు కుండీలు పెట్టించరు.

ముదీర్ నిచ్చెన కింద నిలబడి, పైకి చూడకుండానే అన్నాడు. "ఆదివారం వీసా మెడికల్‌కి పో. పెయింటర్ అనే రాయిస్తున్నా." రెండడుగులు వేసి ఆగాడు. "ఇంకోసారి పుస్తకం ఇయ్యకపోతే నా సొరుగు పగలగొట్టి తీసుకో."

కలీం నిచ్చెన మీదే కాసేపు కళ్లు మూసుకున్నాడు. తర్వాత బ్రష్షు గుడ్డకు తుడిచి, కిందికి చూశాడు.

"ఇంకేమన్నా తప్పుందా సూడుమే. తలుపులు తెరవకముందే చెప్పు."

ఏమీ లేదు, బాగుందని అనబోయింది షగుఫ్తా. మాట నాలుక దాకా వచ్చింది. అనలేదు. చుట్టిన పటాన్ని విప్పి కుండీల మీదుగా ఎత్తి పట్టుకుని, మొదటి ఎద్దు కొమ్ముల దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్కదాన్నీ అటూ ఇటూ చూసుకుంటూ పోయింది. బయట మనుషులు గుమిగూడుతున్నారు. అతను బ్రష్షు పట్టుకుని ఆమె చెప్పేదాకా నిచ్చెన మీదే ఉన్నాడు.