మూడు ఆకుపచ్చ చుక్కలు

టైలరు ఫైలు మూసేయమంటోంది కంప్యూటరు. వారం వారం అడిగే ఎనిమిది ప్రశ్నల జవాబులు చూసి అది వరసగా మూడు వారాలు ఆకుపచ్చ చుక్క పెడితే మనిషి కుదుటపడ్డట్టే లెక్క. ఇక కౌన్సెలింగుకు రానక్కర్లేదు. కౌన్సెలరమ్మ సంతకం ఒక్కటే తరువాయి.

ఆవిడకు ఆ యంత్రమంటే మొదటినుంచీ గిట్టదు. మనిషి మనసు ఎనిమిది ప్రశ్నల్లో తేలిపోతుందంటే నమ్మే రకం కాదు. పైగా ఎదురుగా కూర్చున్న మనిషిని చూస్తే ఆ చుక్కలు పచ్చి అబద్ధాలని తెలుస్తూనే ఉంది. ఊరందరి చొక్కాలూ కుట్టే టైలరు తన చొక్కాకి రెండు గుండీలు ఊడినా పట్టించుకోలేదు. నాలుగు నెలల క్రితం ప్రాణం తీసుకోబోతే బావమరిది ఆపి ఇక్కడికి తీసుకొచ్చాడు. ఇప్పుడు పొరపాటున పంపించేస్తే మళ్ళీ ఎవరు ఆపుతారు? ఆవిడకు భయం వేసింది.

"ఒక్క నిమిషం కూర్చోండి మాస్టారూ" అని విసవిసా కౌంటరు దగ్గరికి నడిచింది. అనుమానమంతా గుమాస్తా మీదే. క్యూ కదలడమే కావాలి ఆయనకు.

"బాబాయ్, టైలరు జవాబులు మీరే కదూ నొక్కేస్తున్నది?"

"నా మీద పడతావేంటమ్మా? పేరూ ఫోన్ నంబరూ తప్ప ఇంకెక్కడా వేలు పెట్టను."

"అయితే ఈ మెషినే దొంగలెక్కలు వేస్తోంది. ఇవాళ దీని సంగతి తేల్చేస్తా."

"తేల్చమ్మా. ఎవరేం నొక్కారో అంతా రాసిపెట్టుకుంటుందిది" అంటూ ఆయన స్క్రీను ఆవిడ వైపు తిప్పాడు.

మొదటి వారం జవాబులు టైలరు చెప్పినవే. అప్పుడు నిజంగానే కాస్త తెరిపినపడ్డాడు. తర్వాతి రెండు వారాలూ ఎనిమిది ప్రశ్నలకీ ఒక్కటే జవాబు: 'గతసారి లాగే'. నొక్కినవారి పేరు దగ్గర ఆవిడ పేరే ఉంది.

ఆవిడకు అంతా గుర్తొచ్చింది. బయట ముప్ఫైమంది జనం. "ఎలా ఉన్నారు?" అంటే టైలరు "ఏదోలెండి" అనేవాడు. తను 'గతసారి లాగే' మీట నొక్కేసి తర్వాతివాళ్ళను పిలిచేది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. గుమాస్తా స్క్రీను మళ్ళీ తన వైపు తిప్పుకున్నాడు.

గదిలోకి వచ్చి టైలరు ఎదురుగా కూర్చుంది.

"రాత్రిళ్ళు నిద్ర పడుతోందా మాస్టారూ?"

టైలరు ఆవిడ మొహంలోకి అనుమానంగా చూశాడు.

"నిజంగా అడుగుతున్నారా మేడమ్, అందులో నొక్కడానికా?"