సీలు చెదరని సీసా

సముద్రం పోటెక్కే వేళకి ఆమె చంటిదాన్ని మంచం మీద కూర్చోబెట్టి, చీర కుచ్చిళ్లు ఎగదోపి, గోనెగుడ్డ అందుకునేది. ఆల్చిప్పలు అమ్మే ఇల్లు ఏదైనా అంతే. అవి ఏ నీళ్లలో పెరిగాయో ఆ నీళ్లే పోటు వేళ వాటిని వెతుక్కుంటూ వచ్చి గచ్చులోంచి ఊరతాయి. అత్తగారి రోజుల్లో తేటగా, ఇసుకతో వచ్చేవి. ఇప్పుడు నల్లగా, మురుగుకంపుతో వస్తున్నాయి.

ఆ కంపంతా అలమరలోని సీసాది. మొగుడు అమ్మిన సరుకు తిని దర్జీ, అతని ఇద్దరు పిల్లలు వాంతులతో పోయారు. ఇన్‌స్పెక్టరు వచ్చి, మిగిలిన సరుకులో సగం పరీక్షకు పంపి, సగం సీసాలో పెట్టి సీలు వేసి, కొత్త చట్టం ప్రకారం మొగుడి చేతికే ఇచ్చాడు. పరీక్షలో విషమని తేలింది. దారిలో కుళ్లిందన్నాడు వకీలు. నడిసముద్రం సరుకన్నాడు మొగుడు. ముగ్గురు మట్టిలో కలిసినా ఆ చట్టానికి ఇంకా పళ్లు రాలేదు. సీసా కోర్టుకు తేవాల్సిన వాయిదాలన్నీ సముద్రం నీళ్లు వెనక్కి తీసే వేళకే పడేలా వకీలు చూసుకునేవాడు.

"ఆ సీసా అవతల పారేయరాదూ?" అంది ఆమె.

"సీలు చెదిరితే నేరం ఒప్పుకున్నట్టే. కాసిని నీళ్లు తుడవడం అంత కష్టమా నీకు?"

"కష్టమంటే ఏంటో దర్జీ పెళ్లాన్ని అడుగు."

చివరి వాయిదానాడు ఆమె చంటిదాన్ని చంకనేసుకుని కోర్టుకెళ్లింది. మొగుడి సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టి, చెప్పుకోవాల్సింది ఉందంది. జడ్జీగారు సరేనన్నారు. పెళ్లిచూపుల దగ్గర మొదలుపెట్టింది.

"అమ్మా, కేసు సంగతి చెప్పు," అన్నారాయన.

"అక్కడికే వస్తున్నా బాబూ. మా అత్తగారి కాళ్లనొప్పులు చెప్పకుండా అక్కడికెలా వస్తాను?"

జనం నవ్వారు. వకీలు గడియారం చూసి లేచాడు. ఆమె ఆగలేదు. అత్తగారి కాళ్లు, ఆడబిడ్డ అలకలు, కారే కప్పు, అన్నీ చెబుతూనే ఉంది. ఈలోగా నీళ్లు ఊరాయి. ఆల్చిప్పల బజారులో చేసినట్టే అందరూ కాళ్లు పైకి పెట్టుకున్నారు. జడ్జీగారూ పెట్టుకుని, ముక్కుకు రుమాలు అడ్డం పట్టి కిందికి చూశారు. ఊరి మురుగు ఆయన బల్ల చుట్టూ తిరుగుతోంది.

"ఇదేనా నడిసముద్రం?" అన్నారు.

మొగుడికి శిక్ష పడింది. జైలుకు తీసుకెళ్తుంటే ఆమె దగ్గర ఆగాడు.

"కట్టుకున్నవాణ్ణి. ఎందుకు చేశావే?"

ఆమె చంటిదాన్ని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది.

"నిన్న ఇది మంచం దిగింది. పాకుతోంది. ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటోంది."