కొట్టేసిన నలభై ఒక్క పేర్లు

సురేంద్రబాబు చేసింది ద్రోహం. ఈ మాట పీర్ మహమ్మద్ ఆత్మకూరు బస్టాండులో, ఉదయగిరి టీ కొట్లో కనబడిన ప్రతివాడికీ చెప్పాడు. కువైట్ వీసాలు అమ్ముకు బతికే సురేంద్రబాబు ఊరికి సర్పంచి కావాలనుకున్నాడు. ఆ వీసాల మీద వెళ్లి మోసపోయినవాళ్లు సెలవు పెట్టుకుని వచ్చి అతణ్ణి ఓడించాలనుకున్నారు. తీరా ఓటర్ల జాబితా గోడకంటించేసరికి వాళ్ల పేర్లు లేవు. నలభై ఒక్కరు శాశ్వతంగా ఊరు వదిలిపోయారని ఎవరో ఫిర్యాదు పెట్టారు.

ఓటుదేముందిలే అనేవాళ్లు ఇది గమనించాలి. ఏమీ లేనిదైతే సురేంద్రబాబు దాన్ని కొట్టేయించడు.

పీర్ మహమ్మద్ ఎవరికీ చెప్పనిది ఒకటుంది. ఆ నలభై ఒక్క కాగితాల కింద సంతకం తనదే. కొండ కింద తను సాగుచేసే ప్రభుత్వ భూమికి పట్టా ఇప్పిస్తానన్నాడు సురేంద్రబాబు. ఐదో తరగతి చదువైనా ఆ కాగితంలో ఏముందో తెలుసుకోవడానికి చాలు. చదివే పెట్టాడు.

ఆ సాయంత్రం చర్చి పంచలో అందరూ కూడారు. లిదియమ్మ ముందుగా టీ గ్లాసు అతని చేతికే ఇచ్చింది.

"నువ్వు గల్ఫు చూసినోడివి పీరన్నా. రేపు తాసీల్దారాఫీసులో నువ్వే మాట్లాడాల."

ఆమె ఫోన్లో కూతురు జెస్సికా ఉంది. కువైట్‌లో ఇంటిపని చేస్తుంది.

"మా రూములో ఫిలిప్పీన్స్ అమ్మాయి ఉండాది మామా. వాళ్ల ఎలక్షన్‌కి ఈడ్నే ఓటేసింది. మాకేమో టికెట్ కొనుక్కోని రమ్మంటిరి. సరే, కొన్నాం. ఇప్పుడు పేరే లేదంటే ఏంది?"

పీర్ మహమ్మద్ టీ ఒక్క గుక్కలో తాగి గ్లాసు కింద పెట్టాడు. కువైట్‌లో పదకొండేళ్లు కంపెనీ బస్సు తోలినవాడతను. ఒక పొద్దున, ఆసుపత్రి ఊడ్చే ఫిలిప్పీన్స్ ఆడవాళ్లు అరవై మంది బస్సెక్కలేదు. ఓటుకు సెలవిస్తేనే ఎక్కుతామన్నారు. ఇంటికి పంపేస్తానని సూపర్‌వైజర్ అరిచాడు. ఎండలో ఒక్కరూ కదల్లేదు. మధ్యాహ్నానికి కంపెనీ దిగొచ్చింది. వాళ్లను ఎంబసీకి తీసుకెళ్లింది తనే. తిరిగొచ్చేటప్పుడు ఒకామె అడిగింది, మీ ఊరి ఓటు నువ్వెట్లా వేస్తావని. ఆ రోజు సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గు పట్టా ఆశ ముందు నిలవలేదు.

"మనిషి ఎదురుగా ఉండాలంటాడు ఆఫీసరు. యాడ తెచ్చేది?" అన్నాడు వెంగయ్య. అతని కొడుకు జోసెఫ్ కువైట్‌లో లారీ తోలుతాడు.

"ఫోన్లుండాయి గదా. అందర్నీ తీసకపోదాం," అంది లిదియమ్మ.

"ముందు సంతకం పెట్టినోడెవడో తేలాల. ఆఫీసోళ్లు పేరు చెప్పరంట," అన్నాడు వెంగయ్య.

"తేలితే ఏం చేస్తావు?" అడిగాడు పీర్ మహమ్మద్.

"మొకం చూస్తాను. అంతే."



మర్నాడు ఉదయగిరి తహసీల్దారు ఆఫీసు వరండాలో నలభై ఒక్క ఫోన్లు లేచాయి. వంటగదుల్లోంచి, లారీ క్యాబిన్లలోంచి, ఎడారి ఇసుకలోంచి గొంతులొచ్చాయి.

"జోసెఫ్‌ని సార్, వెంగయ్య కొడుకుని. ఉండాను. వచ్చే నెల వస్తాండాను."

సురేంద్రబాబు కుర్చీలో కూర్చుని నవ్వాడు. "సినిమా బాగుండాది."

"ఫోన్లో కనపడితే చెల్లదు," అన్నాడు తహసీల్దారు. "ఫిర్యాదు అబద్ధమని పెట్టినతనే రాసివ్వాలి. రాస్తే అతని మీద కేసవుతుంది."

పీర్ మహమ్మద్ ముందుకొచ్చాడు.

"ఆ సంతకం నాది సార్. పట్టా ఇప్పిస్తానని ఈయన పెట్టమన్నాడు. తెలిసే పెట్టినాను."

ఫోన్లో జెస్సికా అడిగింది. "ఎవరమ్మా అది? పీరు మామ గొంతు మాదిరుండాదే?"

లిదియమ్మ అతని మొహంలోకి చూసింది. "నా చేతి టీ తాగినావే."

ఆమె కాగితం తీసి అతని చేతిలో పెట్టింది.

"రాయి. ముందు రాయి. తిట్టేది తర్వాత తిడతాను."

రాశాడు. సురేంద్రబాబు లేచి ఎవరికో ఫోన్ చేశాడు. గంటకు పోలీసు జీపొచ్చింది. ఎక్కించింది పీర్ మహమ్మద్‌నొక్కణ్ణే. వెంగయ్య జీపు ముందు కూర్చున్నాడు. అతని పక్కన లిదియమ్మ, వెనక మిగతా ఇళ్లవాళ్లు.

"వాణ్ణి క్షమించినారా?" అన్నాడు ఎస్సై.

"క్షమించేదేంది. సంతకం పెట్టించినోణ్ణి గూడా ఎక్కించు. మావోళ్ల పేర్లు జాబితాకి ఎక్కించమను. అప్పుడు లేస్తాం," అన్నాడు వెంగయ్య.

పొద్దు వాలేదాకా ఒక్కరూ లేవలేదు. ఫోన్లలో ఛార్జి అయిపోతే పక్కింటివాళ్లు తమవి ఇచ్చారు. చివరికి తహసీల్దారు బయటికొచ్చి, నలభై ఒక్క పేర్లూ ఒక్కొక్కటిగా చదివి జాబితాలో ఎక్కించాడు. సురేంద్రబాబు మాత్రం వెనక గేటు గుండా వెళ్లిపోయాడు. రేపు అతని ఇంటి ముందు కూర్చోవాలని అక్కడే తీర్మానం చేసి, పీర్ మహమ్మద్ ఉన్న జీపుకు దారిచ్చారు.

అదే సాయంత్రం కొండ కింద చేలో సురేంద్రబాబు మనుషులు హద్దురాళ్లు పాతారు. పీర్ మహమ్మద్‌కు పోయింది ఎకరా డెబ్బై రెండు సెంట్లు.